తట్ట మీది గుర్తు

పొద్దున్నే నర్సింహులు కోళ్లకు నూకలు కలుపుతున్నాడు. కలిపేది పాత ఇనుప తట్టలో. ఒకప్పుడు అది మట్టి మోసిన తట్ట. అంచులు అరిగిపోయాయి, అడుగున తుప్పు పట్టింది. అయినా దాన్ని పారేయనివ్వడు. ఎందుకని అడిగితే చెప్పడు. ఆయన ఏది అడిగినా అంతే.

ఇంట్లో ఎవరూ మాట్లాడుకోవడం లేదు. నిన్న సాయంత్రం కొడుకు యాదయ్య గద్వాల పోయి, డిగ్రీ చదివే బిడ్డ అర్చనను హాస్టల్ నుంచి తీసుకొచ్చాడు. పెట్టె, పరుపు అన్నీ తెచ్చాడు. అవి ఇంకా అరుగు మీదే ఉన్నాయి. కోడలు రేణుక రొట్టెలు కొడుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

అర్చన తాత దగ్గరకొచ్చి గొంతుక్కూర్చుంది.

"తాతా, ఇయ్యాల పగటిపూట వనపర్తిల మా సైఫర్ ఉంది. నేను పోకుంటే నాతోని పాడే రెబెకా ఒక్కతే అయితది."

నర్సింహులు తల ఊపాడు. సైఫర్ అంటే గుండ్రంగా నిలబడి ఒకరి వెనక ఒకరు పాడటమని ఆయనకు తెలుసు. సెలవులకు వచ్చినప్పుడల్లా అర్చన ఆయన పక్కన కూర్చుని ఈ మాటలన్నీ చెప్పేది. ర్యాప్ పాడేవాళ్ల జట్టు క్రూ. గోడ మీద బొమ్మలాగా అక్షరాలు రాస్తే గ్రాఫిటీ. రాసినవాళ్లు కింద పెట్టుకునే పేరు ట్యాగ్. కొత్తగా నేర్చుకునేవాళ్లు టాయ్, ఆరితేరినవాళ్లు కింగ్. పాటలో ఎవరి పేరైనా తలుచుకుంటే షౌటవుట్. "అంటే పేరు వెట్టి దండం వెట్టుడు తాతా" అని చెప్పింది. ఆ మాట ఆయనకు నచ్చింది. నచ్చిందని మాత్రం చెప్పలేదు.

"ఇంగ యాడికి వోయేది లేదు," అన్నాడు యాదయ్య వెనక నుంచి. "సదివింది సాలు."

"ఎందుకు నాయినా? నేనేం తప్పు జేసిన?"

"రాజోలిల చాయ్ తాగుతుంటే నా ముందర ఫోన్ల నీ వీడియో వెట్టిన్రు. యాదయ్యా, నీ బిడ్డ గోడలకు రంగు గొడుతున్నదట గద, రోజుకు కూలెంత అని నవ్విన్రు. తల యాడ వెట్టుకోవాల్నో తెల్వలే."

"గోడ మిల్లుది. సేటును అడిగే రాసినం. ఆయన్నే చాయ్ గూడ తాపిండు. మా క్రూ అంత ఉన్నరు."

"క్రూ అంటే ఏంది?"

"గుంపు."

"గుంపా?" యాదయ్య గొంతు పెరిగింది. "మీ తాత గుంపుల వోయిండు, మీ అవ్వ గుంపుల వోయింది. పూనా, బొంబాయి, యాడ మట్టి పనుంటే ఆడ. ఆ గుంపు బత్కు నీకొద్దనే గద నిన్ను సదివిస్తున్న."

రేణుక పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "నెమ్మదిగ మాట్లాడు. పక్కింటి భాగ్యమ్మ ఇంటున్నది."

"ఇననియ్యి. ఊరంత సూసినంక భాగ్యమ్మ ఒక్కతేనా?" యాదయ్య జేబులోంచి ఫోన్ తీశాడు. "బిడ్డా, ఒక్కటే అడుగుత. గా కింద వంకర టింకర రాసినవ్ గద. అది ఎవని పేరు?"

అర్చన ముఖం పాలిపోయింది. ఎవడో అబ్బాయి పేరనా తండ్రి అనుమానం అనుకుంది.

"నీకు గట్ల అనిపించినంక నేనేం జెప్పాలె?"

"సూసినవా, చెప్పది," అన్నాడు యాదయ్య భార్యతో. "పెట్టె లోపల వెట్టు."

రేణుక పెట్టె మీద చెయ్యి వేసింది.

"ఆగు," అన్నాడు నర్సింహులు.

ముగ్గురూ ఆయన వైపు చూశారు. ఈ ఇంట్లో ఆయన మాట వినబడటమే అరుదు.

"జర ఫోన్ సూపియ్యి."

యాదయ్య ఫోన్ చేతికిచ్చాడు. మిల్లు గోడ మీద నీలం, పసుపు రంగుల్లో ఇంతెత్తు అక్షరాలు, పొంగిన పూరీల్లా ఉన్నాయి. ఆ పెద్ద అక్షరాలు నర్సింహులుకు అర్థం కాలేదు. చూపు కిందికి దిగింది. మూలన ఒక సున్న. సున్నలో 'ఈ' అక్షరం. సున్న కింద రెండు గీతలు.

ఆయన ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"సౌండ్ వెట్టు."

యాదయ్య చాయ్ హోటల్లో నలుగురి ముందు చూసినవాడు. సిగ్గుతో సౌండ్ లేకుండానే చూశాడు. ఇప్పుడు పెట్టాడు. చప్పట్ల మధ్య అర్చన గొంతు గుక్క తిప్పుకోకుండా వచ్చింది.

"ఊరు గాని ఊర్ల గోడలెత్తినవ్,
ఒక్క ఇటుకన్న నీదని ఎన్నడన్నవ్?
తట్ట నీది, చెమట నీది, పేరు యాడుంది?
ఇగో రాసిన సూడవ్వా, గోడ మీదుంది.
షౌటవుట్ మా అవ్వ ఈదమ్మకు."



నర్సింహులు లేచాడు. తట్టలోని నూకలు నేల మీద కుమ్మరించాడు. తొట్టి దగ్గరకు పోయి, తట్టను కొబ్బరి పీచుతో రుద్ది రుద్ది కడిగాడు. తెచ్చి కొడుకు ముందు బోర్లించాడు. తుప్పు మధ్యలో మేకుతో గీకిన గుర్తు కనబడింది. సున్న, సున్నలో ఈ, కింద రెండు గీతలు.

"మీ అమ్మ తట్ట," అన్నాడు. "గుంపుల అందరి తట్టలు ఒక్క తీరుగ ఉంటయ్. కలిసిపోతయ్. అందుకే గుర్తు గీకిన."

యాదయ్య కింద కూర్చుండిపోయాడు. తల్లి పోయి ఏడేళ్లయింది. పుట్టినప్పటి నుంచి ఆ తట్టను చూస్తున్నాడు. ఒక్కసారి కూడా తిరగేసి చూడలేదు.

"దసరకు తట్ట తోముతుంటే అవుపడ్డది నాయినా," అంది అర్చన. ఇప్పుడు ఏడుస్తోంది. "గిదేంది తాతా అంటే, మీ అవ్వది అన్నడు. ఇంగేం జెప్పలే. అప్పట్నుంచి అదే నా ట్యాగ్. యాడ రాసినా కింద అవ్వనే."

"ఆ మాట అడిగినప్పుడే చెప్పొద్దా తల్లీ?" అన్నాడు యాదయ్య.

"నువ్వు ఎవని పేరని అడిగితివి."

యాదయ్య బిడ్డ తల మీద చెయ్యి పెట్టాడు. రేణుక పెట్టె మీది నుంచి చెయ్యి తీసింది. "రొట్టెలు గట్టిస్త. బస్సుల తిందువు," అంది.

"బస్సెందుకు? నేనే బండి మీద వనపర్తిల దింపొస్త. పెట్టె రేపు హాస్టల్‌కు తెస్త," అన్నాడు యాదయ్య. "హోటల్ ముందర నుంచే వోదం. నవ్వెటోల్లకు సౌండ్ వెట్టి ఇనిపిస్త."

అర్చన ముఖం కడుక్కుని వచ్చింది. సంచిలోంచి తెల్ల రంగు పెన్ను తీసి, తట్ట మీది గుర్తుకు పైన చిన్న కిరీటం గీసింది.

"ఇదేంది?" అన్నాడు నర్సింహులు.

"కింగులకు కిరీటం వెడతం తాతా. నేను పుట్టకముందే ట్యాగ్ ఏసినవ్. నువ్వే కింగు. మేమంత టాయ్‌లం."

"ఆడమనిషికి వెట్టొద్దా కిరీటం?"

"ఎందుకు వెట్టొద్దు? వెడతం."

"అయితె మీ అవ్వకనుకో. నేను సున్న గీకిన, ఈ రాసిన. అంతే. కింద గీతలు ఆమె గీసింది."

"అవి గీతలే గద తాతా? పేరు కింద గీసినట్లు."

నర్సింహులు తట్టను ఒళ్లోకి తీసుకున్నాడు. బొటనవేలితో ఆ రెండు గీతలూ తడిమాడు.

"కాళ్లు," అన్నాడు. "నా తట్ట ఎవలన్న ఎత్తుకపోతే నడిచి రావాలె, కాళ్లు వెడత అన్నది. నేను నవ్విన."

బండి స్టార్టయింది. అర్చన ఎక్కబోతూ ఆగి, వెనక్కి తిరిగింది. తాత కళ్లు తుడుచుకోవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"పోయిరా బిడ్డా," అన్నాడు నర్సింహులు. "మీ అవ్వ నడిచే వచ్చింది."