పసుపు గీత లోపల

పెన్న పొంగి కార్ల ఫ్యాక్టరీ మునిగాక రెండో ఏడు. తలుపుల లైనులో ఓబులపతి బోల్టు బిగించాడు. అతనికి జతగా పనిచేసే మరచెయ్యి, జతచెయ్యి, తలుపును వదిలి పైకి లేచింది. పసుపు గీత లోపల, ఖాళీ చోటు మీదికి వంగింది. మనిషి భుజం ఉండే ఎత్తున గాలిని మెత్తగా తాకి, ఆ వేళ్ళను తన కంటి అద్దానికి అద్దుకుంది.

అది తిప్పన్న అలవాటు. స్పానరు కాలికి తగిలినా కళ్ళకద్దుకునే మనిషి. ఓబులపతి అక్క మొగుడు. ఆ చోట నిలబడేది అతనే. వరద లోపలికి వచ్చిన రోజు అతనికి వెనక గోడ, ముందు కారు తలుపు పట్టుకున్న జతచెయ్యి. గీత లోపల మనిషి ఉంటే చెయ్యి కదలకూడదు. కదల్లేదు. నీళ్ళు అతని నడుము దాటాయి, మెడ దాటాయి. విచారణలో చేతి లోపం ఏమీ లేదని తేలింది.

సేఫ్టీ చూసే షమీమ్ వచ్చింది.

"అన్నా, మళ్ళా చేసిందా?"

"ఊఁ."

"అక్కడ మనిషి ఉండాడనుకుంటాంది. అది ఆగినప్పుడల్లా లైను ఆగుతాంది. పైవాళ్ళు నన్ను తింటాండారు."

"నిన్ను తింటే వాళ్ళకే అరగదులేమ్మా."

ఆమె నవ్వి, వెంటనే ఆపుకుంది. "పక్కన పనిచేసేది నువ్వే. అక్కడ ఎవురూ లేరని పైవాళ్ళకు నీ నోటితో చెప్పు. దాని జ్ఞాపకమంతా తుడిచేస్తాం. మొదటి నుంచీ నేర్చుకుంటాది."

"మనిషి మునుగుతాంటే నిలబడి చూసేదీ నేర్చుకుంటాదా?"

"ఆ నియమం లేకుంటే రోజుకొకరు నలుగుతారన్నా."

"రేపు చెప్తా."

ఇంట్లో అక్క అన్నం పెడుతూ అడిగింది. "ఇంకా అట్లే చేస్తాందా?"

"అట్లే."

"తుడిచేయమను రా. ఆయప్ప సచ్చినాక గూడా డ్యూటీ చేయల్లా?"

ఓబులపతి ముద్ద కలుపుకున్నాడు.

మర్నాడు పొద్దున మొదటి బండి వచ్చింది. చేతిని పట్టి కదిపి కొత్త పని నేర్పడానికి లాగే నేర్పుడు మీట గీత బయట ఉంటుంది. నేర్పేవాడూ బయటే నిలబడాలి. వరద రోజు తిప్పన్నకు మీట అందలేదు. ఓబులపతి దాన్ని లాగి, గీత దాటి, గోడకు ఆనుకుని బావ చోట నిలబడ్డాడు. చెయ్యి తలుపుతో అతని ముందుకు వచ్చి ఆగిపోయింది.

"అన్నా, బయటికి రా!" షమీమ్ పరిగెత్తుకొచ్చింది. "మనిషి ఉంటే అది కదలగూడదు!"

"కదలల్లమ్మా."

మణికట్టు పట్టుకున్నాడు. చల్లగా ఉంది. మెల్లగా పక్కకు జరిపాడు. వెనక్కి తెచ్చాడు. మళ్ళీ జరిపాడు. షమీమ్ చెయ్యి మీట దాకా వచ్చి, అక్కడే ఆగింది.

ఈసారి అతను పట్టుకోకముందే చెయ్యి తలుపు ఎత్తుకుని పక్కకు తొలగింది.

ఒక చెయ్యి నేర్చుకున్నది అన్ని చేతులకూ పోతుంది. లైను పొడవునా చేతులు తలుపులు ఎత్తుకుని, ఎవరూ లేని చోట్ల ముందు నుంచి ఒక్కొక్కటే తొలగి, దారి ఇవ్వసాగాయి.