గోడ అవతలి గిటార్

చంద్రపూర్ లాల్‌పేట్‌ల కాలరీ క్వార్టర్ల చివరి లైను దిక్కు పొద్దుమూకినంక ఎవ్వరు పోరు.

కింద బొగ్గు తవ్వి తవ్వి అక్కడ భూమి డొల్లయింది. గోడలు నిలువునా నెర్రెలిచ్చినయి. మనుషులను ఖాళీ చేయించినంక తలుపులు, కిటికీలు ఎవరో ఊడబీక్కపోయిన్రు. ఇండ్లన్ని నోళ్లు తెరుచుకోని ఉంటయి...

అయినా జనం భయపడేది భూమి కుంగుతదని గాదు. గిటార్‌కు.

చివరింట్ల ప్రశాంత్ అని ఒక పిలగాడు ఉండేటోడు. పెండ్లిళ్లల్ల గిటార్ వాయించి బతికెటోడు. ఒక వానకాలం డెంగీ జ్వరమొచ్చి సచ్చిపోయిండు. ఆ తర్వాతనే లైను ఖాళీ అయింది. ఇక అప్పటిసంది... చీకటి పడంగనే ఆ ఇంట్లకెళ్లి గిటార్ వినబడుతదని చెప్పుకునేటోళ్లు. పాట గాదు, పదం గాదు. ఉత్త తీగల చప్పుడు.

ఈ ముచ్చట నాకు స్టాన్లీ చెప్పిండు. కోఠారి నుంచి వచ్చి మా గల్లీల కిరాయికి ఉంటుండు. బొగ్గు బావిల కాంట్రాక్టు పని చేసేటోడు, అది పోయింది. ఆదివారం చర్చిల గిటార్ వాయిస్తడు. చేతిల ఉన్న విద్య అదొక్కటే.

వరోరాల ఒక బడికి సంగీతం సార్ కావాలన్నరని తెలిసి దరఖాస్తు పెట్టిండు. పరీక్షల పిల్లలు ఏ శ్రుతిల పాట ఎత్తుకుంటే ఆ శ్రుతిల, అప్పటికప్పుడు అల్లుకుంట వాయించాల్నట. స్టాన్లీకి సీ, జీ శ్రుతులు తప్ప వేరే కీ అంటే వేళ్లు తిరగవు. శ్రుతి మార్చేటందుకు గిటార్ మెడకు క్లిప్పు బిగించి ఎట్లనో నెట్టుకొస్తుండు. అందుకే అన్ని కీలల్ల మేజర్ స్కేల్ సాధన మొదలువెట్టిండు.

ఇంట్ల ఉన్నది ఒక్కటే అర్ర. చంటిపిల్ల పండుకుంటది. కిరాయి ఇంటామె గోడ కొట్టి, "ఏంది నాయనా ఆ టింగు టింగు!" అని మొత్తుకుంటది.

"నేను ఆ ఖాళీ లైనుకు పోత," అన్నడు భార్య షెరిన్‌తోటి.

"పిచ్చి లేచిందా? అక్కడేముందో తెలుసా నీకు?"

"దెయ్యం కన్న ముందు ఆకలి సంపుతది మనల్ని."

వెనక సందుల నుంచి పోయి, చివరింటికి ఆనుకోని ఉన్న ఇంట్ల కూసున్నడు. మధ్యల ఒకటే గోడ. చలికాలం... పొద్దు గూకంగనే చీకటి. సీ స్కేల్ మొదలువెట్టిండు. పైకి, కిందికి. మళ్లీ పైకి...

గోడ అవతల ఎవరో గుసగుసగ మరాఠీల లెక్కపెట్టిన్రు.

"ఏక్... దోన్... తీన్... చార్..."

ఆ వెంటనే గిటార్. మెల్లగ, నిదానంగ... సీ మేజర్.

స్టాన్లీ గిటార్ చంకల పెట్టుకోని ఉరికిండు. ఇంటికొచ్చినంక నీళ్లు తాగుదామంటే గ్లాసు పండ్లకు కొట్టుకున్నది.

రెండు రోజులు పోలేదు. పరీక్ష దగ్గరవడ్డది. మూడో రోజు, యేసయ్యా నువ్వే దిక్కని మళ్ల పోయిండు. మళ్ల అదే లెక్క, అదే చప్పుడు. ఈసారి లేవలేదు. సీ మీద నాలుగు స్వరాలు అల్లిండు. అవతలి గిటార్ ఆగలేదు. కాసేపటికి ఎఫ్‌ల పడ్డది. ఆ తర్వాత బీ ఫ్లాట్. ఈయన తడుముకుంటుంటే అది ఆగదు, ఎదురు చూడదు. పన్నెండు కీలు తిరిగి మళ్ల సీ కాడికి వచ్చి... ఠక్కున ఆగిపోయింది.

రోజు గట్లనే. రోజు రోజుకు స్టాన్లీ వేళ్లు తొవ్వ పట్టినయి. కష్టమైన కీలల్ల సుతం రాగం నీళ్లోలె జారింది.

"సచ్చినోడు నాకు సదువు చెప్తుండని ఎవలికి చెప్పాలె?" అన్నడు నాతోటి. "భయం ఉండె. గాని అన్నా, నా బతుకుల నాకు తోడుగ అంత మంచిగ ఎవ్వరు వాయించలేదు."

ఒకనాడు గిటార్ ఆగినంక, గోడ నెర్రెలకెళ్లి ఒక గొంతు వచ్చింది. ఆడగొంతు... సన్నగ.

"తిన్నవా?"

స్టాన్లీ గోడకు దూరం జరిగిండు.

"చలి పెడుతుందా... బిడ్డా?"

భయానికి వేలు తీగ మీద పడ్డది. తీగ మోగింది. అవతల ఎవరో వెక్కివెక్కి ఏడ్చిన్రు... గాదు, నవ్విన్రు. ఏదో తెలువలేదు.

పరీక్ష నాడు వరోరాల మంచిగ వాయించిండు. పిల్లలు ఏ శ్రుతిల ఎత్తుకుంటే ఆ శ్రుతిల అందుకున్నడు. ఒక పోరి చప్పట్లు సుతం కొట్టిందట. బయటికొచ్చినంక అక్కడి గుమస్తా భుజం మీద చెయ్యేసి చెప్పిండు.

"మనిషిని ముందే పెట్టుకున్నరు సార్. ఇది పేరుకే."

చంద్రపూర్‌ల రైలు దిగి ఇంటికి పోబుద్ధి కాలేదు. షెరిన్‌కు ఏమని చెప్పాలె? కాళ్లు వాటంతట అవే ఆ లైనుకు తీస్కపోయినయి. చీకటి పడ్డది. అవతల లెక్క మొదలైంది... గిటార్ మొదలైంది.

స్టాన్లీ ఆ రోజు వాయించలేదు. ఇంక పోయేదేముంది అనుకున్నడు. ఏదున్నా సరే, మొఖం చూడాలె. లేచి గోడ చుట్టు తిరిగి చివరింటి ముందల నిలవడ్డడు.

లోపల సన్న వెలుతురు. ఇటుక మీద ఒక ఫోను. దాంట్లకెళ్లి గిటార్ వస్తుంది. పక్కన టిఫిన్ డబ్బా. గోడ నెర్రెకు చెవి ఆనిచ్చి ఒక ముసలామె కూసున్నది.

"వాయించు బిడ్డా..." అంటుంది గోడతోటి. "ఇయ్యాల ఎందుకు వాయిస్తలేవు?"

చప్పుడుకు మర్లి చూసింది. ప్రశాంత్ తల్లి మంగతాయి. ఆ ఫోను కొడుకుదే. ముందుగాల లెక్కపెట్టి, కీ మార్చుకుంట మార్చుకుంట తీగలు వాయించి, దాని మీద సాధన చేసేటందుకు తనకు తానే రికార్డు చేసుకున్నడట. ఇంట్ల పెడితే మొగుడు అబ్బయ్య తలకాయ గోడకేసి కొట్టుకుంటడు. అందుకే ఆమె రోజు ఈడికొచ్చి వింటుంది.

"ఎవరు?"

"నేను స్టాన్లీని అమ్మా. రోజు ఈ పక్కింట్ల..."

మంగతాయి ఆయన చేతిల గిటార్ దిక్కు చూసింది.

"రోజు వాయించింది... నువ్వా?"

"ఔనమ్మా."

"తిన్నవా అంటే తీగ మీటింది?"

"నేనే. నీ గొంతుకు భయపడ్డ. ఫోను ఇని... నీ కొడుకు వాయిస్తుండనుకున్న."

"నేను గూడ గట్లనే అనుకున్న," అన్నది. "నీ గిటార్ ఇని."

ఫోను బంద్ చేసింది. చీకటైంది. చీకట్ల నుంచే అడిగింది...

"అయితె... వాడు నిజంగనే సచ్చిపోయిండా?"

"నేను రోజు వస్త అమ్మా. వాయిస్త," అన్నడు స్టాన్లీ.

"నువ్వొస్తే నువ్వొచ్చినట్టే గదా. వాడొచ్చినట్టు గాదు గదా."

డబ్బా ఆయన చేతిల పెట్టింది. "తిను. పారబోసుడెందుకు." ఆమె ఎదురుంగ నిలవడి చూస్తుంటే, ఆ చల్లటి బువ్వ రెండు ముద్దలు తిన్నడు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకోని తుమ్మచెట్ల నడుమ నుంచి ఇంటిదాక తీస్కపోయిండు. తొవ్వల ఆమె కాలు ఈడ్సుకుంట నడిసింది.

తలుపు చప్పుడుకు లోపల మంచంల నుంచి అబ్బయ్య దగ్గుకుంట అడిగిండు.

"ఎవరే... ఎవరన్న వచ్చిన్రా?"

మంగతాయి గడప మీద ఆగింది.

"ఎవ్వరు రాలే," అన్నది.