ఖాళీ బండ దగ్గర హోదీ

దక్షిణపు గాలి పట్టుకుని వారమైంది. ఆఫ్రికా తూర్పు తీరాన, పెంబా దీవిలో ఆ గాలి కొట్టే పక్క పడవలన్నీ ఒడ్డున బోర్లా పడుకున్నాయి. బజారులో ఎండుచేప తప్ప ఇంకేమీ లేదు. సరిగ్గా అలాంటి రోజే చూసుకుని మకామె పెళ్ళాం మిజె చంటిబిడ్డతో పుట్టింటి నుంచి వస్తోంది.

పురిటికి వెళ్ళేటప్పుడు మకామె ఆమెకు మాటిచ్చాడు. బిడ్డనెత్తుకుని నువ్వు గడప తొక్కిన రోజు నా చేత్తో పట్టిన చంగు చేప, కొబ్బరిపాలు పోసి వండుకుందాం అన్నాడు. అంతకుముందు పైకప్పు రేకుల గురించి ఇచ్చిన మాట, వంటింటి తలుపు గురించి ఇచ్చిన మాట ఏమయ్యాయో ఇద్దరికీ తెలుసు. "చేప లేకపోతే వచ్చిన బండిలోనే అమ్మ దగ్గరికి తిరిగి పోతాను" అంది మిజె. నవ్వుతూనే అంది. ఆమె నవ్వుతూ అన్నవే ఎక్కువగా జరుగుతాయని మకామెకు అనుభవం.

పడవలు కదలవు కాబట్టి ఒడ్డు మీదనుంచే గాలం వెయ్యాలి. పొద్దు వాలుతుండగా బయల్దేరాడు. తోడు మిజె తమ్ముడు ఫకీ. ఆ ఒడ్డున ఫకీకి తెలియని రాయి లేదు. మకామె ప్రాణం తీసింది కూడా ఆ తెలివే.

రేవు దగ్గర ఆగబోతే, "ఇక్కడొద్దు బావా, పిల్లలు దూకుతున్నారు, చేప బెదిరిపోయుంటుంది" అన్నాడు. మడచెట్ల దగ్గర ఆగబోతే బురదన్నాడు. ఇంకోచోట నాచన్నాడు, గాలం ఊడిరాదన్నాడు. మకామె ఓపిక పట్టాడు. ఆ తర్వాత పట్టలేకపోయాడు.

"ఒరేయ్, నేను చేప పట్టడానికొచ్చానా, పెళ్ళిచూపులకొచ్చానా?"

"పెళ్ళిచూపుల్లో మేం ఇంత జాగ్రత్తగా ఉండుంటే మా అక్క బతికిపోయేది" అన్నాడు ఫకీ.

ముందు ముసలి హమాదీ కూర్చున్న రాయి వచ్చింది. మంచి చోటు, నీళ్ళు లోతుగా, నల్లగా ఉన్నాయి. ఫకీ దూరంగానే ఆగి, "హోదీ!" అని పిలిచాడు. ఆ ఒడ్డున గాలం వేసేవాడికి వాడి రాయే వాడి ఇల్లు. గుమ్మం ముందు పిలిచినట్టే పిలవాలి, లోపలివాళ్ళు కరీబూ అంటేనే అడుగు పెట్టాలి. ముసలాయన తల తిప్పలేదు. ఫకీ మళ్ళీ పిలిచాడు. ముసలాయన తాడు సర్దుకున్నాడు గాని పెదవి విప్పలేదు.

"రమ్మనలేదు, పద" అన్నాడు ఫకీ.

"చెవిటి వేషం వేస్తున్నాడురా! రాయి వాళ్ళ తాత చెక్కాడా?"

"అది పద్ధతి బావా."

కనుచూపు మేరలో ఇక మిగిలింది ఒడ్డు చివరి పగడపు బండ ఒక్కటే. అడుగున గుహలా తొలిచినట్టుంది, నీళ్ళు లోపలికి పోయి వస్తున్నాయి. ఎవరూ లేరు. ఇన్ని వంకలు పెట్టిన ఫకీకి అక్కడ వంక దొరకలేదు. సంచీ తడుముకుని నాలిక్కరుచుకున్నాడు. ఎర రొయ్యల డబ్బా ఇందాక హమాదీని పిలిచిన చోట కింద పెట్టి మర్చిపోయాడట.

మకామెకు ఒళ్ళు మండిపోయింది. "పో. వెళ్ళి తీసుకురా. చీకటి పడేలోగా తెస్తావా, నీ పెళ్ళి నాటికి తెస్తావా?"

ఫకీ నడుం వంచి, మూతి ముడిచి, వాళ్ళ ముసలి మేనత్త గొంతు పెట్టాడు. "కోప్పడకు నాయనా, కోపమొస్తే కడుపు నిండదు." అందరి గొంతులూ వాడికి వచ్చు. రెండడుగులు వేసి ఆగి, ఈసారి తన గొంతుతోనే అన్నాడు. "బిస్మిల్లా అని కూర్చో, అంతే. ఖాళీ చోట హోదీ మాత్రం అనకు."

"అంటే ఏమవుతుంది?"

"ఎవరూ పలక్కపోతే ఫరవాలేదు."

వాడు వెళ్ళాక మకామె ఒంటరిగా నిలబడ్డాడు. సూర్యుడు మునిగాడు. ఎక్కడో ఆరబోసిన లవంగాల ఘాటు గాలిలో వచ్చి పోతోంది. మిజె ఈపాటికి బండి దిగి ఉంటుంది. ఖాళీ పొయ్యి చూసుకుని ఉంటుంది. ఆ సంగతి తలుచుకునేసరికి, పొద్దుటినుంచి పేరుకున్న విసుగంతా గొంతులోకొచ్చింది.

"హోదీ!" అని అరిచాడు బండ మీదికి. "హోదీ! ఏమండోయ్, ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

కింద నీళ్ళు గుటక వేసినట్టు చప్పుడు చేశాయి.

"కరీబూ నాయనా."

ముసలామె గొంతు, బండ కిందనుంచి. మకామెకు నవ్వొచ్చింది. ఫకీ వెళ్ళినట్టే వెళ్ళి చుట్టుతిరిగి కింద దాక్కున్నాడన్నమాట, దొంగ వెధవ!

"సరే అత్తా, కూర్చుంటున్నా" అని కూర్చున్నాడు. రాయి వెచ్చగా ఉంది. గాలానికి పొద్దుటి ఎండు రొయ్య ముక్క ఒకటి అంటుకుని ఉంటే దాంతోనే విసిరాడు. సీసం గుండు అడుగు తాకకముందే తాడు బిగిసింది. చంగు చేప, మోచెయ్యంత!

ఎర అయిపోయింది. ఊరికే ఉత్త గాలం విసిరాడు. మళ్ళీ చంగు. మళ్ళీ విసిరాడు. ఇంకోటి. కొసరి కొసరి వడ్డించినట్టు వస్తున్నాయి. వారంలో మొదటిసారి మకామెకు మనసు తేలికపడింది.

"చాల్లే అత్తా" అన్నాడు నవ్వుతూ.

"మొహమాటపడకు... ఇంకొకటి. ఇంట్లో బాలింత ఉందిగా."

"ఉంది, ఉంది. ఈపాటికి నన్ను తిడుతూ ఉంటుంది."

"బిడ్డను చూడాలని ఉంది నాయనా."

"రా, చూద్దువుగాని. మా ఇల్లు నీ ఇల్లు కాదూ?"

కింద నీళ్ళు మరోసారి గుటక వేశాయి. మునిగిన చెక్క వాసన, పాత అగరు వాసన ఒక్కసారి గుప్పుమన్నాయి.

"బావా..."

ఆ పిలుపు వెనకనుంచి వచ్చింది. దారి మీదనుంచి. మకామె తల తిప్పాడు. ఫకీ నిలబడి ఉన్నాడు, చేతిలో రొయ్యల డబ్బా, రొప్పుతూ.

"ఎవరితో మాట్లాడుతున్నావ్?"

మకామె బండ కిందికి వేలు చూపించాడు. మెల్లగా వంగి కిందికి చూశాడు. పోటు ఎప్పుడు ఎక్కిందో... నీళ్ళు బండ అంచుదాకా ఉన్నాయి. గుహ లేదు. మనిషి తల దూరే సందు లేదు.

"ఇంకొకటి..." అంది నీళ్ళలోంచి గొంతు.

చేతిలో తాడు బిగిసింది. ఈసారి చేప లాగినట్టు లేదు. చిటికెన వేలు పట్టుకుని లాగినట్టుంది.

వదిలేశాడు. తాడు, సంచీ, చెప్పులు, అన్నీ. ఫకీ చేపల్ని కాలితో నీళ్ళలోకి తోశాడు. ఇద్దరూ పరుగెత్తారు. దారిలో ఫకీ గుసగుసగా అడిగాడు.

"హోదీ అన్నావా?"

"అన్నాను."

"పలికిందా?"

"పలికింది. నువ్వేననుకున్నాను."

"నువ్వు తిరిగి పిలవలేదు కదా? బావా, ఇంటికి రమ్మని పిలవలేదు కదా?"

మకామె ఇంకా వేగంగా పరుగెత్తాడు. చేప లేదు, పోనీ. మిజె తిరిగి పుట్టింటికే పోనీ, ఈ రాత్రికే పోనీ, ఇంకా మంచిది. తలుపు దగ్గర ఎవరు పిలిచినా పలకొద్దని ముందు చెప్పాలి. అదొక్కటి చెబితే చాలు.

గుమ్మంలో దీపం వెలుగుతోంది. లోపలినుంచి కొబ్బరిపాలలో ఉడుకుతున్న చేప వాసన వస్తోంది.

ఫకీ గడప బయటే ఆగిపోయాడు.

పొయ్యి దగ్గరనుంచి మిజె మెరిసే కళ్ళతో చూసింది. "మొత్తానికి మాట నిలబెట్టుకున్నావయ్యా! పాపం, ఆ ముసలావిడ ఇంత బరువు మోసుకొచ్చింది. మా ఇంట్లో కూర్చున్నాడు, చేపలు మర్చిపోయాడు అంది."

"ఎవరు... ఎవరు రానిచ్చారు?"

"హోదీ అంది. కరీబూ అన్నాను. ఏం, తప్పా? నువ్వే రమ్మన్నావట కదా. బిడ్డను కాసేపు ఒళ్ళో పెట్టుకుంటానంటే..." మిజె అతని మొహం చూసి ఆగింది. "లోపలుంది. జోలపాట పాడుతోంది, వినబడట్లా?"

మకామె చెవులు రిక్కించాడు. ఏ పాటా లేదు.

గదిలోకి దూకాడు. మంచం మీద బిడ్డ ఒక్కడే ఉన్నాడు. ఊపిరి తీస్తున్నాడు, నిద్రపోతున్నాడు. పక్కన చాప తడిసి ముద్దయింది. మకామె మంచం మీదికి వంగాడు. బతికున్నాడు, అల్లా దయ, బతికున్నాడు... చెయ్యి చాచి బిడ్డను ఎత్తబోయాడు. ఏదో అడ్డొచ్చింది.

బిడ్డ కాలి చీలమండకు సన్నటి తాడు చుట్టి ఉంది. బండ మీద వదిలేసి వచ్చిన తన గాలపు తాడే. అది మంచం దిగి, కిటికీ ఎక్కి, సముద్రం వైపు చీకట్లోకి పోయింది.

మొలలోని కత్తి తీసి తాడు తెంపాడు. బిడ్డను గుండెకు అదుముకున్నాడు. బిడ్డ ఏడవలేదు. కళ్ళు తెరిచి కిటికీ వైపు చూస్తున్నాడు.

తెగిన తాడు కొస కాసేపు నేల మీద కదలకుండా ఉంది. తర్వాత కిటికీ ఎక్కి, మెల్లగా, ఏ తొందరా లేకుండా, ఎవరో చుట్టుకుంటున్నట్టు బయటికి జారిపోయింది.