తలుపు వెనక సోనార్

పెద్దకొడుకు శవం కింద వర్క్‌షాపులో లేత్ మెషిన్ పక్కన బోర్లా పడి ఉంది. తల వెనక స్పానర్ దెబ్బ. ఒక్కటే.

"మధ్యాహ్నం మూడింటికీ నాలుగింటికీ మధ్య," అన్నాడు డాక్టర్.

ఆ గంటలో ఇంట్లో ఉన్నది తల్లి, చిన్నకొడుకు. అన్న తమ్ముణ్ణి ఇల్లు వదిలి పొమ్మన్నాడని వీధి వీధంతా తెలుసు. ఇన్‌స్పెక్టరుకి అనుమానం రావడానికి అది చాలు, నిరూపించడానికి చాలదు. తల్లి చిన్నకొడుక్కి కొండంత అండగా నిలబడింది మరి.

"మేడమీద వాడి గది గుమ్మంలోనే కూర్చుని గుండీలు కుడుతున్నా బాబూ. వాడు లోపల ఆట ఆడుకుంటున్నాడు."

"కళ్ళారా చూశారా?"

"తలుపేసుకున్నాడు. టింగ్ టింగ్ అని చప్పుడు వినిపిస్తూనే ఉంది."

గది కిటికీ పక్కనే వెనక మెట్లున్నాయి. చిన్నకొడుకు కుర్చీలో కాళ్ళూపుతూ కూర్చున్నాడు.

"ఏం ఆట?" ఏమీ ఎరగనట్టు అడిగాడు ఇన్‌స్పెక్టర్. నిజానికి సెలవురోజున అదే ఆట ముందు కూర్చుని పెళ్ళాం చేత చివాట్లు తినే మనిషి.

"సబ్‌మెరైన్ సిమ్యులేటర్. మీకర్థం కాదులెండి. పైన శత్రునౌక వెతుకుతోంది. ఇంజన్ ఆపేసి అడుగున పడుకున్నా. గంటసేపు చిక్కలేదు."

అన్న చచ్చిన ఇంట్లో వాడి గొంతులో గర్వం.

"ఆ టింగ్ నీ సోనారేనా?"

"సోనారంటే నీళ్ళలోకి చప్పుడు పంపి వెతకడం. దాక్కున్నవాడు సోనార్ కొడతాడా సార్? రా, నన్ను చంపు అన్నట్టే. అది శత్రువుది. మనకి తగిలినప్పుడల్లా వినిపిస్తుంది."

మంచి జవాబే. ఇన్‌స్పెక్టర్ తల్లి వైపు తిరిగాడు.

"ఆ చప్పుడు మధ్యలో ఆగిందా అమ్మా? జోరు పెరిగిందా?"

వాడి కాళ్ళు ఆగిపోయాయి. "అమ్మా, నువ్వు..."

"నువ్వుండరా. లేదు బాబూ, మొదట్నుంచీ చివరిదాకా ఒకే తీరు. ఎక్కడికొచ్చి చెప్పమన్నా చెప్తా."

ఆమెకి మిగిలింది వాడొక్కడే. ఎన్నిసార్లడిగినా అదే చెబుతుందని ఇన్‌స్పెక్టరుకి తెలుసు. తెలిసే మళ్ళీ అడిగాడు. కానిస్టేబుల్ వీడియో తీశాడు.

తర్వాత వాడి ఫోన్ లాక్కుని, అన్‌లాక్ చేయించి, అందులో కొత్తగా రికార్డయిన ఆడియో వెతికి నొక్కాడు. టింగ్. టింగ్. టింగ్.

తల్లి మొహం వికసించింది. "ఇదే బాబూ. చెప్పాను కదా."

ఇన్‌స్పెక్టర్ కొడుకు వైపు తిరిగాడు. "విన్నావురా? నౌక దగ్గరికొస్తే టింగులు జోరందుకుంటాయి. నెత్తిమీదికొస్తే ఆగిపోతాయి. గంటసేపు ఒకే తీరున ఏ శత్రువూ కొట్టడు. ఆట వదిలేసి వెళితే సబ్‌మెరైన్ మునుగుతుంది, చప్పుడు ఆగుతుంది, అమ్మ తలుపు తడుతుంది. అందుకే ఒక్క టింగ్ రికార్డ్ చేసి, అదే మళ్ళీ మళ్ళీ మోగేలా లూప్‌లో పెట్టి కిటికీలోంచి దిగావు."

తల్లికి ఆలస్యంగా అర్థమైంది.

"లేదు బాబూ, మధ్యలో ఆగింది. ఇప్పుడు గుర్తొచ్చింది. ముసలిదాన్ని, నాకు చెవులు సరిగ్గా వినపడవు."

"ఇందాక బాగానే వినపడ్డాయి కదమ్మా."

"నీ నోరు పడిపోను," అన్నాడు కొడుకు తల్లితో. "మూసుకుని కూర్చోలేకపోయావా?"

వాడికి బేడీలు పడ్డాయి. ఆమె జీపుదాకా వెంట నడిచి ఇన్‌స్పెక్టర్ చెయ్యి పట్టుకుంది.

"వాణ్ణి కొట్టకు బాబూ. దెబ్బ తట్టుకోలేడు."

ఇన్‌స్పెక్టర్ చెయ్యి విడిపించుకుని జీపెక్కాడు. మాట మాత్రం ఇవ్వలేదు.