అద్దంకి క్యాంపులో తొలి డోసు

డాక్టర్ ఫిలిప్ శవం గుంటూరులోని ఒక కోల్డ్ స్టోరేజీలో, మిర్చి బస్తాల మధ్య దొరికింది. మెడ మీద సూది గుర్తు.

ఉదయం ఎనిమిదింటికి ఏజెంట్ నజీర్‌ని డైరెక్టర్ శివపార్వతి పిలిపించింది.

"ఫిలిప్, మనుషుల రక్తంలో ఉండే మైక్రో ఆర్‌ఎన్‌ఏ అనే ఒక చిన్న అణువుని పట్టుకున్నాడు. అది పెరిగితే, స్కానింగ్‌కి అందకముందే లివర్ క్యాన్సర్ తెలిసిపోతుంది. దాన్ని అణిచే ఇంజెక్షన్ కూడా తయారు చేశాడు. ఈరోజు పదకొండింటికి అద్దంకి క్యాంపులో తొలి డోసు. పన్నెండు మంది మిరప కూలీలు. అందరి రక్తంలోనూ అది పెరిగింది."

"చంపిందెవరు మేడమ్?"

"ఒక విదేశీ ముఠా. ఆ కోల్డ్ స్టోరేజీ వాళ్లదే. ముఠాలో ఫెబా మన మనిషి. కోడ్ వర్డ్, 'తేజ రకం ఉందా?'"

తొమ్మిదింటికి నజీర్ తెల్ల లుంగీ, పెట్టుడు మీసంతో, మిర్చి వ్యాపారిలా ఆ కోల్డ్ స్టోరేజీలో అడుగుపెట్టాడు. నల్ల కళ్లద్దాలు, నీలం పట్టుచీరలో ఫెబా అక్కడే ఉంది.

"తేజ రకం ఉందా?"

"తడిసిపోయింది." ఆమె గొంతు తగ్గించింది. "క్యాంపుకి వెళ్లిన బాక్సులో ఉన్నది విషం. ఆ పన్నెండు మందీ పోతే ఇక్కడ ట్రయల్ ఆగిపోతుంది. అదే మందుని ముఠా బయటి దేశంలో తన పేరున పేటెంట్ చేసుకుంటుంది."

"క్యాంపు డాక్టర్‌కి ఫోన్ చేద్దాం."

"అతనూ వాళ్ల మనిషే. పోలీసు యూనిఫాం కనిపిస్తే అప్పుడే సూదులు వెయ్యడం మొదలుపెట్టేస్తాడు."

"మరి అసలు మందు?"

"ఫ్రీజర్ ఆపేశారు. పాడైపోయింది." లిప్‌స్టిక్ ఆకారంలో ఉన్న పెన్‌డ్రైవ్ అతని చేతిలో పెట్టింది. "ఫార్ములా ఇందులో ఉంది. నువ్వెళ్లు. నేను వస్తే అనుమానపడతారు."

కారు చిలకలూరిపేట దాటుతుండగా శివపార్వతి ఫోన్ చేసింది.

"ఫెబాని కాల్చేశారు. నువ్వు ఆగకు. మన వాళ్లు మఫ్టీలో వస్తున్నారు."

నజీర్ యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీయలేదు.

అతను క్యాంపులోకి వెళ్లేసరికి పదకొండుకి రెండు నిమిషాలుంది. వరసలో మొదటి మనిషి అంకమ్మ. జాకెట్టు చెయ్యి పైకి మడిచి కూర్చుంది. సూది చర్మాన్ని తాకబోతుండగా నజీర్ డాక్టర్ మణికట్టు పట్టుకున్నాడు.

"ఈ విషం ముందు మీరు వేసుకోండి డాక్టర్ గారూ."

డాక్టర్ సూదిని నజీర్ వైపు తిప్పాడు. నజీర్ ఆ చేతిని బల్లకేసి కొట్టాడు. సిరంజి నేల మీద పగిలింది. వెనక నుంచి మఫ్టీ పోలీసులు వచ్చి డాక్టర్‌కి బేడీలు వేశారు.

అంకమ్మ అదంతా చూసి, నెమ్మదిగా అడిగింది.

"ఇది విషమైతే, అసలు మందేది బాబూ?"

"మళ్లీ తయారు చెయ్యాలమ్మా. మూడు నెలలు పడుతుంది."

"మూడు నెలలా?" అంకమ్మ జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుంది. "సరేలే. అందాకా చావకుండా చూసుకుంటా."