మాయమైన ఇరవై రెండు కిలోలు

ఇరవై రెండు కిలోలు మాయమయ్యాయి. మూడు వారాల్లో.

మాయమైంది బంగారం కాదు, గంజాయి కాదు. గవ్వ ఒంటి మీది కండ.

గవ్వ పోలీసు అశ్వదళం గుర్రం. నుదుటి మీద గవ్వంత తెల్ల మచ్చ. ముందుకాలు బెణికితే ఆరు వారాల పాటు లాయంలోంచి కదపొద్దన్నాడు డాక్టర్. అసలే బక్కది. విశ్రాంతిలో ఒళ్ళు చేయాల్సింది పోయి, పక్కటెముకలు లెక్కపెట్టేలా తయారైంది.

సోమవారం మెడికల్ బోర్డు. ఈలోగా కారణం తేలకపోతే గవ్వ పేరు దళంలోంచి కొట్టేస్తారు. దాన్ని చూసుకునే అమ్మాయికి మేత దొంగన్న ముద్ర పడుతుంది. ఉద్యోగం ఊడుతుంది.

శుక్రవారం ఉదయం 10.40కి ఇన్‌స్పెక్టర్ లాయం ముందు జీపు దిగింది.

ఆమె మనసు బాగాలేదు. నిన్న రాత్రి కూడా మూడేళ్ళ కూతురు "పెద్దమ్మే పెట్టాలి" అని గిన్నె తోసేసింది. తోడికోడలు నవ్వుతూ వచ్చి పాపను ఎత్తుకుంది. ఆ నవ్వు కంట్లో కారంలా ఇంకా మండుతూనే ఉంది. పొద్దున్న బయల్దేరే ముందు తాను చేసిన పని గుర్తొచ్చి, ఇన్‌స్పెక్టర్ పెదవి కొరుక్కుంది.

లాయం వెనక కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది. పక్కనే పెద్ద డ్రమ్ము. నీళ్ళలో మునిగి రెండు వల సంచుల ఎండుగడ్డి. డ్రమ్ము కింది కాలువ గట్టున చీమల బారు.

ఒక్క క్షణం చూసి లోపలికి నడిచింది.

"మేత చార్టు ఎవరు రాశారు?"

"నేనే" అన్నాడు డాక్టర్. "కదలకుండా నిలబడే గుర్రానికి దాణా ఎక్కువైతే కడుపు పట్టేస్తుంది. అందుకే దాణా తగ్గించి గడ్డి పెంచాను. రోజుకు నాలుగు సంచులు. ఒళ్ళొస్తే ఆ గడ్డితోనే రావాలి."

"కడుపులో పురుగులు? పళ్ళు?"

"రెండూ చూశాను. ఏ లోపమూ లేదు. దుమ్ముకి దగ్గుతోందని గడ్డిని పది నిమిషాలు నానబెట్టమన్నాను. అంతే."

స్టోర్ కీపర్ అడక్కుండానే అందుకున్నాడు. "ఒక్కో సంచి మూడు కిలోలు మేడమ్. కాటా మీద పెట్టే ఇస్తాను. నా గది దాటాక ఏమైందో ఆ అమ్మాయినే అడగండి. వాళ్ళింట్లో రెండు ఆవులున్నాయి!"

"సీసీ టీవీ చూశారా?"

"మూడు వారాల ఫుటేజీ చూశాం. గేటు దాటి గడ్డిపోచ పోలేదు."

"మరి ఆవులేం తిన్నాయి, ఫుటేజీనా?"

స్టోర్ కీపర్ వెనక్కి తగ్గి దారిచ్చాడు.

అమ్మాయికి పాతికేళ్ళు ఉండవు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి. గవ్వ ఉన్న గది తలుపు కమ్మీకి వెలిసిపోయిన ఎర్ర తువ్వాలు కట్టి ఉంది.

"పెట్టిందంతా తింటుందా?"

"పోచ మిగల్చదు మేడమ్. తిని, ఇంకేదీ అన్నట్టు నా మొహంలోకి చూస్తుంది. చార్టు దాటితే తిడతారని భయం." ఎర్ర తువ్వాలు సర్దింది. "నా చేతి మేత దీనికి ఒంటబట్టదంట. అందరూ అదే అంటున్నారు."

"ముందు అన్నదెవరు?"

"బాబాయి."

బాబాయి ఆమెకు బంధువు కాదు. లాయంలో అందరికీ బాబాయే. తొమ్మిదేళ్ళు గవ్వను సాకిన పెద్ద కాపరి. మోకాళ్ళు అరిగాయని రెండు నెలల క్రితం గవ్వను ఈ అమ్మాయికి అప్పగించి, ఆయనకు నీళ్ళు పట్టడం, గడ్డి నానబెట్టడం మాత్రమే మిగిల్చారు. బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నాడు.

"పిల్ల మంచిదేనమ్మా. కానీ కొన్ని చేతులంతే. కలిసిరావు."

"గవ్వను చూస్తుంటావా?"

"ఆ గది వైపు పోయి రెండు నెలలైంది. నాకక్కడ పనేముంది?"

అమ్మాయి చెప్పుల చప్పుడైంది. లోపల గవ్వ సకిలించింది. బాబాయి నుదురు ముడుచుకుంది.

ఆ ముడత ఇన్‌స్పెక్టర్‌కు కొత్త కాదు. రోజూ అద్దంలో చూస్తున్నదే.

సరిగ్గా 12 గంటలకు బాబాయి డ్రమ్ములోంచి ఒక సంచి పైకి లాగాడు.

"ఎప్పుడు ముంచావు బాబాయ్?"

"ఇప్పుడేనమ్మా. పది నిమిషాలైంది."

ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్‌లో రాసుకుంది. అమ్మాయి సంచి తీసుకెళ్ళి గదిలో కట్టింది. గవ్వ ముందు ఎర్ర తువ్వాలులో ముక్కు పెట్టింది. తర్వాతే గడ్డి ముట్టింది.

2.15కి అందరినీ స్టోరు గదికి పిలిచింది. బల్ల మీద రెండు గాజు గ్లాసులు.

"ఇది గడ్డిని పది నిమిషాలు నానబెట్టి వడకట్టిన నీళ్ళు. నేనే చేశాను."

లేత పసుపు.

"ఇది డ్రమ్ములోది."

చిక్కటి గోధుమ రంగు.

"డికాషన్‌లా ఉందే!" అన్నాడు స్టోర్ కీపర్.

"డికాషనే. ఒకసారి సారం దిగాక ఆ కాఫీ పొడి దేనికి పనికొస్తుంది? గిన్నె నిండా కనిపిస్తుంది, అంతే. మీరు గడ్డిని తూచారు. ఎవరు పట్టుకెళ్తారా అని గేటు చూశారు. కాలువ చూడలేదు. ఉట్టి నీళ్ళకు చీమలు బారులు తీరవు. గడ్డిలోని తీపంతా అటే పోయింది."

డాక్టర్ గ్లాసు ఎత్తి చూశాడు. "గంటల తరబడి నానాలి. ఒళ్ళు తగ్గించాల్సిన గుర్రానికి చేస్తారిలా!"

"10.40కి నేను చేతులు కడుక్కుంటుంటే ఆ సంచి నీళ్ళలోనే ఉంది. 12 గంటలకు పది నిమిషాలైందన్నావు. అసలెప్పుడు ముంచావు బాబాయ్?"

బాబాయి గోడ పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చాడు.

"నిన్న సాయంత్రం" అన్నాడు చివరికి. "దానికి హాని చేయాలని కాదమ్మా. ఈ పిల్ల చేతిలో తేరుకోకూడదనుకున్నా. అప్పుడు మళ్ళీ నాకే ఇస్తారని. తొమ్మిదేళ్ళు నా అడుగు వింటే సకిలించేది. ఇప్పుడు ఈమె చెప్పులకు సకిలిస్తోంది. వినలేకపోయాను."

అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. "మొదటి రెండు రోజులు నా చేతి మేత ముట్టలేదు బాబాయ్. నువ్వు వదిలేసిన ఎర్ర తువ్వాలు తలుపుకి కట్టాకే మూతి పెట్టింది. ఇప్పటికీ ముందు నీ వాసన చూసుకోనిదే తినదు. ఒక్కసారి ఆ గదికి వచ్చుంటే నీకే తెలిసేది."

బాబాయి రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

"బోర్డుకి కారణం నేను చెప్తాను. నెల గడువిస్తే గవ్వ తేరుకుంటుంది" అన్నాడు డాక్టర్.

అమ్మాయి పేరు మీది ఫిర్యాదును ఇన్‌స్పెక్టర్ అక్కడే కొట్టేసింది. బాబాయి చేసింది చేసినట్టు రాసింది. శిక్ష దళం ఆఫీసర్ చూసుకుంటాడు. కలం మూయబోతుంటే చెయ్యి ఆగింది.

జీపెక్కి ఇంటికి ఫోన్ చేసింది.

"అక్కా, పాప తిందా?"

"ఎక్కడ తింది? ఒక్క ముద్దా ముట్టలేదు. మొహం వాడిపోయింది" అంది తోడికోడలు.

"పొద్దున్న నేనే బిస్కెట్లు పెట్టాను. నీ చేత్తో తినకూడదని, కావాలనే."



"తెలుసులేవే" అంది తోడికోడలు. "గౌను జేబుకి చీమలు పట్టాయిగా."