పదకొండు గంటల ఇరవై నిమిషాలు

"దూరం ఎనిమిదివేల తొమ్మిదివందల కిలోమీటర్లు. ఫ్లయిట్ టైమ్ పదకొండు గంటల ఇరవై నిమిషాలు," అన్నాడు చీఫ్, ఇంట్లో ఇచ్చిన సరుకుల చీటీ చదువుతున్నట్టు. "చిలక అందులోనే వెళ్తోంది. లిప్‌స్టిక్‌లో చిప్. చిప్‌లో మన పదకొండు మంది ఏజెంట్ల పేర్లు."

చిలక డబుల్ ఏజెంట్. అందగత్తె. మొన్నటిదాకా ఈ ఆఫీసులో అందరి పుట్టినరోజులూ గుర్తుపెట్టుకున్నది ఆమె ఒక్కతే.

"పట్టుకుంటాను సార్," అన్నాడు గుమాస్తా. అది అతని కోడ్‌నేమ్. మారువేషం అక్కర్లేని మొహం.

"ఎలా పట్టుకుంటావయ్యా? విమానం పరాయివాళ్ళది. చెయ్యేస్తే నిన్నే కట్టేస్తారు. సాయంత్రం ఐదున్నరకి ల్యాండింగ్. ఆరూ ఐదుకి మూసే పక్క గేటులో ఆమె రెండో విమానం. అక్కడి పోలీసులు ఆరుంబావుకి గానీ రారు, వాళ్ళ ఆఫీసర్ సంతకం పెట్టాలిగా. ఆమె రెండోది ఎక్కిందా, పదకొండు మందీ పోయినట్టే."

"మరి నేనెందుకు సార్?"

"ఎవరినో పంపినట్టు ఫైల్లో ఉండాలి కదా."

ఆ పదకొండు మందిలో నాలుగో పేరు గుమాస్తా తమ్ముడిది.

సెక్యూరిటీలో అతని మత్తు సెంటు లాగేసుకున్నారు. నూటయాభై మిల్లీలీటర్లట. దేశభక్తి వంద దాటకూడదు.

చిలక చివరి వరుసలో కూర్చుంది. వీపు వెనక ఎవరూ ఉండకూడదన్నది గూఢచారులకు నేర్పే మొదటి పాఠం. ఆమె నడవ పక్కన, గుమాస్తా కిటికీ పక్కన, మధ్యలో ఒక పెద్దావిడ.

"గుమాస్తాగారూ, తమ్ముడు బాగున్నాడా?" అంది చిలక.

"ఇవాళ్టికి."

"మావాళ్ళు ఎదురుగాలి కూడా లెక్కేశారు. నిమిషం తేడా రాదు. హాయిగా పడుకోండి."

"మీరిద్దరూ చుట్టాలా?" అంది పెద్దావిడ.

"ఒకే ఆఫీసండీ."

"అయితే పలకరించుకోకపోవడమే మేలు."

అతను పడుకోలేదు. ముందున్న తెరమీద బుల్లి విమానం సముద్రాన్ని కొరుక్కుతింటూ వెళ్ళింది. నాలుగువేల కిలోమీటర్లు. తొమ్మిదివందలు. అరవై. చిన్నప్పుడు విమానం చప్పుడు వినగానే తమ్ముడు అన్నం పళ్ళెం వదిలేసి బయటికి పరిగెత్తేవాడు.

సరిగ్గా ఐదున్నరకి చక్రాలు నేలను తాకాయి.

విమానం ఇంకా పరిగెడుతూనే ఉంది. బెల్టు లైటు వెలుగుతూనే ఉంది. ఎయిర్‌హోస్టెస్ మైకులో బతిమాలుతూనే ఉంది. మూడువందల మంది లేచి నిలబడ్డారు.

చిలక లేచేసరికి నడవలో సూది దూరే సందు లేదు.

"కొంచెం జరగండి, అర్జెంటు!"

"మేమేమన్నా ఇక్కడ కాపురం పెడతామా తల్లీ?" అన్నాడు ముందాయన.

తలుపు తెరిచినా వరుస కదల్లేదు. ఒకాయన మరిచిపోయిన మెడదిండు కోసం ఎదురీదుకుంటూ వెనక్కొస్తున్నాడు. ఒక కుటుంబం బ్యాగులు లెక్కపెడుతోంది, పెట్టినప్పుడల్లా కొత్త సంఖ్య వస్తోంది. పెద్దావిడ చిలక చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, పొడుగ్గా ఉన్నావు, పైన ఆ కుక్కరు దించిపెట్టు. మూత విడిగా ఉంది, జాగ్రత్త."

చిలక గేటు చేరేసరికి ఆరూ ఆరు. అద్దం తలుపు మూసేశారు. పారిపోవాల్సింది పోయి, ఒక్క నిమిషమేగా అంటూ అక్కడి ఉద్యోగితో పోలీసులొచ్చేదాకా పోట్లాడుతూనే ఉంది.

"దిగడానికి ఎంత పడుతుందో ఏ వెబ్‌సైట్లోనూ లేదండీ," అంది, గుమాస్తాకి లిప్‌స్టిక్ ఇచ్చేస్తూ.

ఆ కీలక క్షణంలో నువ్వేం చేశావో రాయమన్నాడు చీఫ్. గుమాస్తా అబద్ధం ఆడలేదు.

"మెడ వంచుకుని, అందరితోపాటు నేనూ లేచి నిలబడ్డాను."